రాత్రి రెండున్నరకు అడిగిన ప్రశ్న

ప్రశ్న: నేను నర్సుగా చేరి ఎనిమిది నెలలయింది. మా వార్డులో అరవై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అనీ, అది కాలేయానికి కూడా పాకిందనీ పరీక్షల్లో తేలింది. ఆయన భార్య, కొడుకు వచ్చి ‘ఆయనకు చెప్పకండి, తట్టుకోలేరు’ అని డాక్టరు గారిని బతిమాలుకున్నారు. ఆయన సరేనన్నారు. మాకూ అదే చెప్పారు. మొన్న రాత్రి రెండున్నరకు సెలైన్ మారుస్తుంటే పెద్దాయన నా చేయి పట్టుకుని, ‘నువ్వైనా నిజం చెప్పమ్మా, నాకు క్యాన్సరేనా?’ అని అడిగారు. ‘అయ్యో, అలాంటిదేమీ లేదు, పడుకోండి’ అన్నాను. ఆయన నా చేయి వదిలేసి గోడవైపు తిరిగారు. అప్పటి నుంచి నన్ను ఏమీ అడగడం లేదు. అదే వారంలో ఇంకొక రాత్రి మా సీనియర్ సిస్టర్, ‘ఇప్పుడు బీపీ, పల్స్ తీస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది, పాత అంకెలు చూసి చార్టు నింపెయ్యి’ అంటే నింపేశాను. చదువుకునే రోజుల్లో నైతిక సూత్రాల పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. వార్డులో మాత్రం ఒక్క సూత్రమూ గుర్తుకు రాలేదు. నేను చేసింది తప్పా? ఇలాంటి మనసు పెట్టుకుని ఈ వృత్తిలో ఉండవచ్చా? నాది మీ అమ్మాయి వయసే ఉంటుంది, నన్ను నువ్వు అనే పిలవండి.

జవాబు: నువ్వు అనమన్నావు కాబట్టి అలాగే అంటాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆయన గోడవైపు తిరిగారన్న చోటే ఆగిపోయాను. ముప్పై నాలుగేళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని. రోగి అటు తిరిగి పడుకుంటే ‘హమ్మయ్య, నిద్రపోయాడు’ అనుకుని లైటు ఆపేసి వెళ్లిపోయేవాళ్లను చాలామందిని చూశాను. కొన్నాళ్లు నేనూ వాళ్లలో ఒకదాన్నే. నువ్వు ఆ కదలికను గమనించావు, దాని అర్థమూ తెలుసుకున్నావు. అందుకే నీతో నిర్మొహమాటంగా మాట్లాడవచ్చనిపించింది.

తప్పా అని అడిగావు. అవును, రెండూ తప్పులే. మొదటిది భయంలో నోరు జారినది. ఎనిమిది నెలల అనుభవంతో, అర్ధరాత్రి, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట రావడంలో వింతేమీ లేదు. రెండోది అలా కాదు. దాని సంగతి చివర్లో చెబుతాను, అప్పుడు కాస్త గట్టిగానే మాట్లాడతాను.

సూత్రాలు గుర్తుకు రాలేదని బాధపడ్డావు. నిజానికి వాటిలో రెండు నీకు ఆ క్షణంలోనే గుర్తుకు వచ్చి ఉంటాయి, ఒకదానితో ఒకటి పోట్లాడి ఉంటాయి. 1979లో బీచమ్, చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు వైద్య నీతిని నాలుగు మాటల్లో కూర్చారు: రోగి స్వయం నిర్ణయం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం. నువ్వు పరీక్షలో రాసినవి అవే. పేపర్లో వాటిని వరసగా ఒకదాని కింద ఒకటి రాస్తాం, అక్కడ వాటికి తగాదా లేదు. వార్డులో అవి ఒకే మంచం దగ్గర ఒకేసారి నిలబడతాయి. ‘ఈయనను ఈ రాత్రి కుంగదీయకు’ అని ఒకటి అంటుంది. ‘ఇది ఈయన ఒళ్లు, ఈయన సంగతి, ఈయనే అడుగుతున్నాడు’ అని ఇంకొకటి అంటుంది. నువ్వు మొదటిదాని మాట విన్నాననుకున్నావు. ఒక్కసారి ఆలోచించు, ఆ అబద్ధం వల్ల ఆయన కుంగకుండా ఉన్నాడా?

లేదు. ఆయనకు సగం తెలుసు కాబట్టే అడిగాడు. బరువు తగ్గుతోంది, దగ్గితే నెత్తురు పడుతోంది, భార్య కళ్లు ఎర్రబడి ఉంటున్నాయి, డాక్టర్లు మంచం దగ్గర నిలబడకుండా బయటికి వెళ్లి మాట్లాడుకుంటున్నారు. వార్డులో రోగికి రోజంతా ఉన్న పని మన ముఖాలు చదవడమే. కాబట్టి నీ జవాబు ఆయనకు క్యాన్సర్ గురించి కొత్తగా ఏమీ చెప్పలేదు. నీ గురించి మాత్రం ఒకటి చెప్పింది: ఈ పిల్లతో కూడా మాట్లాడే వీలు లేదని.

నేనూ ఒకసారి ఇదే పని చేశాను. నీకంటే ఏడాది ఎక్కువ అనుభవం ఉందేమో అప్పటికి. గర్భాశయ క్యాన్సర్ ముదిరిన ఒకామె, ‘ఇంటికి ఎప్పుడు వెళ్తానమ్మా?’ అని అడిగితే, ‘వచ్చే వారం వెళ్లిపోతారు’ అని నవ్వుతూ చెప్పాను. ఆమె నమ్మింది. ‘అయితే ఇంటికి వెళ్లాకే మా చెల్లెలికి ఉత్తరం రాస్తాను. పదకొండేళ్లుగా మాటలు లేవు, ఇలా ఆసుపత్రి నుంచి రాస్తే జాలి కోసం రాశాననుకుంటుంది’ అంది. ఆ వచ్చే వారం గడవకుండానే పోయింది. చెల్లెలు ఎలా తెలుసుకుందో వచ్చింది. సామాను సంచీ నా చేతుల మీదుగానే తీసుకుంటూ, ‘చివర్లో నా మాట ఏమైనా ఎత్తిందా?’ అని అడిగింది. ఎత్తిందని చెప్పాను, ఉత్తరం రాస్తానందనీ చెప్పాను. ఎందుకు రాయలేదో మాత్రం చెప్పలేకపోయాను.

చెప్పకపోతే ప్రాణం కుదుటపడుతుందన్న నమ్మకంలో ఆ కొడుకును, భార్యను నేను తప్పుపట్టను. ప్రేమతోనే అడిగారు. డాక్టర్లు కూడా ఒకప్పుడు అలాగే అనుకునేవారు. 1961లో చికాగోలోని ఒక ఆసుపత్రిలో 219 మంది డాక్టర్లను అడిగితే నూటికి తొంభైమంది క్యాన్సర్ సంగతి రోగికి సాధారణంగా చెప్పబోమన్నారు. 1979లో అమెరికాలోనే అదే ప్రశ్న మళ్లీ అడిగితే నూటికి తొంభై ఏడుమంది చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్లలో మొత్తం తలకిందులయింది. ఆ మధ్య కాలంలో రోగుల గుండెలేమీ గట్టిపడలేదు. చికిత్సలు పెరిగాయి, వాటికి రోగి తెలిసి ఒప్పుకోవాలన్న పట్టింపు పెరిగింది. మీ పెద్దాయన విషయమే చూడు. రేపు కీమో మొదలుపెట్టాలంటే ఆయన ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టాలి. దేనికి పెడుతున్నాడో తెలియని సంతకానికి విలువేముంది?

ఇంకొక మాట, ఎవరూ అంతగా పట్టించుకోనిది. రోగి రహస్యం కాపాడాలని మనకు నూరిపోస్తారు. ఇక్కడ రహస్యం ఎవరిది? ఆయనది. ఆయనను దాటి ఆ వార్త కొడుక్కి చేరింది, భార్యకు చేరింది, వార్డులో ఆయాకు కూడా చేరి ఉంటుంది. ఒక్క ఆయన దగ్గరే దాచి, దానికి గోప్యత అని పేరు పెట్టుకున్నాం.

‘అయితే ఆ రాత్రి నేను అవునని చెప్పేయాల్సిందా?’ అని అడుగుతావు. వద్దు. అది డాక్టరు అధికారంలోకి చొరబడటం అవుతుందని కాదు, అది చిన్న కారణం. అవునన్నాక వెంటనే వచ్చే ప్రశ్నలు వేరు. ఎంతవరకు పాకింది, మందు ఉందా, ఎన్నాళ్లు, నొప్పి ఉంటుందా. వాటికి నీ దగ్గర జవాబుల్లేవు, ఉండకూడదు కూడా. పైగా అవతలి మంచం దగ్గర గంట మోగుతుంది, నువ్వు వెళ్లాలి. ఆ మాట విన్న మనిషిని తెల్లవారేదాకా చీకట్లో దానితో ఒంటరిగా వదిలేయడం నిజాయితీ అనిపించుకోదు. 2000 సంవత్సరంలో క్యాన్సర్ వైద్యులు చెడు వార్త చెప్పడానికి ఆరు మెట్ల పద్ధతి ఒకటి ప్రచురించారు. అందులో చెప్పడం నాలుగో మెట్టు. ముందు తీరికగా, మరొకరు రాని చోట కూర్చోవాలి. తర్వాత ఆయనకు ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోవాలి. ఆ తర్వాత ఎంత తెలుసుకోవాలని ఉందో అడగాలి. ఈ మూడూ అయ్యాకనే నోరు విప్పాలి.

ఆ మూడో మెట్టును తేలిగ్గా దాటవద్దు. ‘నాకేమీ చెప్పకండి, మా అబ్బాయితో మాట్లాడండి’ అనే రోగులూ ఉంటారు. అదీ వాళ్ల నిర్ణయమే, దాన్నీ మన్నించాలి. నిజం చెప్పడం మంచిదన్న ఉత్సాహంలో వద్దన్నవాడి చెవిలో పోసి రావడం కూడా ఒక రకం మొరటుతనమే. కాని మీ పెద్దాయన ఆ కోవకు చెందడు. చేయి పట్టుకుని అడిగాడు.

అబద్ధానికీ పూర్తి నిజానికీ మధ్య చాలా చోటుంది. నర్సు నిలబడాల్సింది ఆ చోటులోనే. ఆ రాత్రి నువ్వు సెలైన్ సీసా పక్కన పెట్టి, మంచం పక్కన ఒక్క నిమిషం కూర్చుని, ‘ఎందుకలా అనిపించింది మీకు?’ అని ఉంటే చాలు. ఆయన మాట్లాడేవాడు. తర్వాత, ‘మీ పరీక్షల గురించి వివరంగా చెప్పగలిగింది డాక్టరు గారే. మీరు తెలుసుకోవాలనుకుంటున్నారని పొద్దున్నే ఆయనతో చెబుతాను. అప్పుడు నేనూ పక్కన ఉండేలా చూసుకుంటాను’ అని ఉండవచ్చు. ఈ మాట వింటే ఆయనకు విషయం అర్థమైపోదా అంటావేమో. కొంత అవుతుంది. కాని అప్పుడు ఆయన గోడవైపు తిరగడు.

ఇప్పుడేం చేయాలి? ముందు ఆయన అడిగిన మాటను ఆయన మాటల్లోనే కేస్ షీటులో రాయి. తేదీ, సమయం వేసి, ‘నాకు క్యాన్సరేనా అని రోగి అడిగారు’ అని, ఆలస్యంగా నమోదు చేస్తున్నానని కూడా రాయి. నీ అభిప్రాయం రాయకు, ఎవరినీ తప్పుపట్టకు. ఆ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది. అంతవరకు ‘రోగికి తెలుసుకోవాలని లేదు’ అని అందరూ ఊహించుకుంటున్నారు. కాగితం మీద ఆయన ప్రశ్న కనబడ్డాక ఆ ఊహ నిలవదు.

తర్వాత ఇన్‌చార్జ్ సిస్టరుకు చెప్పి, డాక్టరు గారిని కలుసుకో. ‘మీరు దాచడం తప్పు’ అని మొదలుపెడితే ఆ సంభాషణ అక్కడే ముగుస్తుంది. ‘ఆయన నన్ను నేరుగా అడిగారు. మళ్లీ అడిగితే నేను అబద్ధం చెప్పలేను. ఏం చెప్పమంటారు?’ అని అడుగు. ఈ ప్రశ్నకు ‘అబద్ధమే చెప్పు’ అని నోరు తెరిచి చెప్పే డాక్టర్లు తక్కువ. ఒకవేళ చెప్పినా, నీ మీద ఉన్న మొదటి బాధ్యత డాక్టరు పట్ల కాదు. ఈ విషయంలో మన వృత్తి చరిత్ర కొంచెం తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. నర్సులు దీపాలు పట్టుకుని చేసే నైటింగేల్ ప్రతిజ్ఞ ఉంది కదా, అది నైటింగేల్ రాసినది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలో ఒక సంఘం రాసి, ఆమె పేరు పెట్టింది. అందులో వైద్యుడికి విధేయతతో తోడ్పడతానన్న మాట ఉంది. 1953లో అంతర్జాతీయ నర్సుల మండలి తన మొదటి నియమావళి తెచ్చినప్పుడు కూడా వైద్యుల ఆదేశాలను తెలివిగా, విధేయంగా అమలు చేయడం నర్సు విధి అని రాసుకుంది. 1973లో అదే మండలి దాన్ని తిరగరాసి, నర్సు ప్రాథమిక బాధ్యత సేవ అవసరమైన మనుషుల పట్ల అని తేల్చింది. 2021లో సవరించిన నియమావళిలోనూ అదే మాట నిలిచింది. కాబట్టి నువ్వు రోగి పక్షాన అడుగుతున్నావంటే హద్దు మీరడం లేదు, నీ పని చేస్తున్నావు. ఇంకా పైకి వెళ్లాల్సి వస్తే నర్సింగ్ సూపరింటెండెంట్ ఉంటారు, కొన్ని ఆసుపత్రుల్లో నైతిక సమస్యల కోసం కమిటీ ఉంటుంది. అంతవరకు రాకపోవచ్చు.

ఆ భార్యతో కూడా మాట్లాడు. కొడుకుతో కంటే ఆవిడతో ముందు మాట్లాడు, రాత్రుళ్లు ఆయన పక్కన పడుకునేది ఆవిడే అయి ఉంటుంది. ‘చెప్పాల్సిందే’ అని వాదించవద్దు. ‘ఆయనకు తెలిస్తే ఏమవుతుందని మీ భయం?’ అని అడిగి, వినడానికి కూర్చో. చాలాసార్లు ఆ భయం ఆయన గురించి కాదు, ఆయన ముందు తాము ఏడవకుండా ఉండగలమా అన్నది. ఆ తర్వాత, ‘ఆయనే మిమ్మల్ని అడిగితే ఏం చెబుతారు?’ అని మెల్లగా అడుగు. ఒక్కోసారి అప్పటికే అడిగి ఉంటాడు.

ఇక చార్టు సంగతి.

తీయని బీపీని తీసినట్లు రాయడం చిన్న పని అని నీకు ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్లు ఎంత సీనియర్ అయినా సరే, ఆ మాట నమ్మకు. మనిషి ఒక్కసారిగా కుప్పకూలడం అరుదు. కొన్ని గంటల ముందు నుంచే ఒళ్లు చెబుతూ ఉంటుంది. పల్స్ కొంచెం పెరుగుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, బీపీ మెల్లగా జారుతుంది. ఒక్కొక్క అంకెను విడిగా చూస్తే ఏమీ అనిపించదు, వరసగా చూస్తేనే తెలుస్తుంది. నువ్వు పాత అంకెలు చూసి నింపావంటే ఆ వరసను తిన్నగా గీశావన్నమాట. పొద్దున వచ్చిన డాక్టరు దాన్ని చూసి, ‘రాత్రంతా బాగానే ఉన్నాడు’ అనుకుంటాడు. ఊపిరి లెక్కది మరీ ఘోరం. ఎన్ని వార్డుల్లో ఎన్ని చార్టులు చూసినా, అందరు రోగులూ నిమిషానికి 18 సార్లో 20 సార్లో ఊపిరి పీలుస్తారు! బ్రిటన్‌లో 2012 నుంచి వాడుతున్న ముందస్తు హెచ్చరిక పట్టికలో మార్కులు పెరిగేకొద్దీ ప్రమాదమన్నమాట; అందులో ఊపిరి 25 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ ఒక్కదానికే గరిష్ఠంగా మూడు మార్కులు వేస్తారు, వెంటనే డాక్టరును పిలవాలన్న ఉద్దేశంతో. గడియారం చూస్తూ అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే దొరికే అంకె అది.

టైము లేదన్నది నిజమే అయి ఉంటుంది. రాత్రి ఇద్దరు నర్సులతో అంత వార్డు నడిపితే టైము ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడు ఆ గడి ఖాళీగా వదిలి, ‘తీయలేదు, వేరే రోగి పరిస్థితి విషమంగా ఉంది’ అని కారణం రాయాలి. ఖాళీ గడికి ఒక ఉపయోగం ఉంది. సిబ్బంది చాలడం లేదని యాజమాన్యానికి చూపే సాక్ష్యం అదే. మీ సీనియర్ సిస్టర్ నింపించిన అంకెలు రోగితో పాటు మీ కష్టాన్ని కూడా దాచేశాయి. కాగితాల్లో అంతా సవ్యంగా ఉంటే మూడో నర్సును ఎవరిస్తారు?

సరిదిద్దుకునే పద్ధతి నీకు నేర్పే ఉంటారు. రాసినదాన్ని చెరిపేయకూడదు, పైన దిద్దకూడదు. పాతది చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన ‘ఈ కొలతలు తీయలేదు’ అని రాసి, ఈనాటి తేదీ, సమయం వేసి సంతకం పెట్టు. దానికంటే ముందు ఇన్‌చార్జ్ సిస్టరుకు నువ్వే వెళ్లి చెప్పు. మాట పడతావు. పడు. ఆ రోగికి ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు మాటతో పోతుంది. సీనియర్ మీద చాడీ చెప్పినట్లు అవుతుందని సందేహమా? సంతకం నీది. నీ సంతకం గురించి మాత్రమే చెప్పు. మిగిలింది అడిగితే అబద్ధం ఆడకు, అడగకపోతే నువ్వు ఎత్తనక్కర్లేదు. మళ్లీ నింపమంటే మాత్రం అప్పుడు ఆమె ముఖం మీదే కాదను, అదే షిఫ్టులో పైవాళ్లకు చెప్పు.

ఇలాంటి మనసుతో ఈ వృత్తిలో ఉండవచ్చా అన్నది నీ చివరి ప్రశ్న. ఏది సరైనదో తెలిసి కూడా పరిస్థితులు దాన్ని చేయనివ్వనప్పుడు నర్సులు పడే బాధకు ఆండ్రూ జేమ్‌టన్ అనే నీతిశాస్త్రజ్ఞుడు 1984లో ‘నైతిక వ్యథ’ అనే అర్థంలో ఒక పేరు పెట్టాడు. పేరుండటం మంచిదే, అది నీ ఒక్కదానికే వచ్చిన జబ్బు కాదని తెలుస్తుంది. కాని ఆ పేరు వెనుక దాక్కోవద్దు. డాక్టరు చెప్పవద్దన్నారు, అది పరిస్థితి. ‘అలాంటిదేమీ లేదు’ అన్నది నీ నోరు. ఈ రెండింటినీ విడదీసుకోగలిగితే మొదటిదానితో పోరాడవచ్చు, రెండోదాన్ని దిద్దుకోవచ్చు. రెండూ కలిపేసుకున్న నర్సులు కొందరు ఉద్యోగం మానేస్తారు. ఇంకొందరు మానరు, కాని కొన్నేళ్లకు ఎవరు ఎటు తిరిగి పడుకున్నా వాళ్లకు పట్టదు. నువ్వు ఇంకా ఆ రెండో రకంలోకి వెళ్లలేదు. ఉండు.

డాక్టరు గారితో మాట్లాడాక పెద్దాయన దగ్గరికి వెళ్లు. ఈసారి మందు ఇవ్వడానికో సెలైన్ మార్చడానికో వెళ్లకు, చేతిలో ఏమీ లేకుండా వెళ్లి కూర్చో. ‘మొన్న రాత్రి మీరు అడిగినప్పుడు నేను తొందరపడి జవాబిచ్చాను, అది సరిగ్గా ఇవ్వలేదు’ అను. ఆయన వెంటనే మాట్లాడకపోవచ్చు. తొందరపెట్టకు. డాక్టరు గారిని పట్టుకోవడానికి మాత్రం రౌండ్స్ మధ్యలో, నలుగురు విద్యార్థులు చుట్టూ ఉన్నప్పుడు ప్రయత్నించకు, ఆ సమయంలో ఎవరూ తమ మాట మార్చుకోరు. రౌండ్స్ మొదలవడానికి పది నిమిషాల ముందు, ఆయన ఒక్కరే కేస్ షీట్లు తిరగేస్తున్నప్పుడు వెళ్లు. పెద్దాయన ప్రశ్న ఉన్న పేజీ తెరిచి ముందు పెట్టు.